తిరగేసిన పేరు చీటీలు

పొయ్యికీ దీపానికీ ఒక్క అగ్గిపుల్లే గీస్తాను. ఈ పొద్దున అది భగ్గుమన్నప్పుడు ముక్కుకు తగిలిన గంధకపు ఘాటుకు సుబ్బక్క గుర్తొచ్చింది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో ఆమె మేస్త్రీ. నేను మూడో తరగతితోనే బడి మానేసినదాన్ని. అయినా చట్రాల్లో పుల్లలు పేర్చే ఆడవాళ్ళకు నన్నే పెద్దగా పెట్టింది.

చట్రంలో పుల్లలు ఒకదానికొకటి తగిలితే, మందులో ముంచినప్పుడు తలలు అతుక్కుంటాయి. ఒకసారి అలాంటివి విడదీస్తుంటే నిప్పు లేచి ఒకామె అరచెయ్యి కాలింది. ఆ చట్రమూ, దానికున్న పేరు చీటీ కూడా బూడిదయ్యాయి. అది పేర్చిందెవరో మర్నాడు మధ్యాహ్నంలోపల తేల్చి, ఆ మనిషిని పనిలోంచి తీసెయ్యమని మా యజమాని కబురు పంపాడు.

ఎవరిదని సుబ్బక్క అడిగితే నేను ఆలోచించనే లేదు. "ఎస్తేరే అక్కా. ఒట్టపిడారం బస్సు రాలేదని దినామూ లేటు. దానికితోడు పని చేస్తా పాటలొకటి."

"పాట పాడితే పుల్లలు అంటుకుంటాయా మే, గురువా? కండ్లతో చూస్తివా, అనుకుంటివా?" అని నన్ను పేరు పెట్టి నిలదీసింది.

ఎస్తేరు గుమ్మంలో నిలబడి వింటోంది. భర్త మంచాన పడ్డాక ఆ ఇంటికి ఆమె కూలే ఆధారం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు పేర్చిన చట్రాలన్నీ సుబ్బక్క బల్ల మీద పెట్టించి, పేరు చీటీలను తిరగేసింది. "మొగాలొద్దు, పుల్లలు చూడు. తప్పుంటే సుద్దతో గీత పెట్టు."

పన్నెండు కావస్తోంది. చెమటకు సుద్దముక్క వేళ్ళలో జారిపోతోంది. ఎస్తేరు చట్రం ఏదా అనే వెతికాను; ఏదీ తన పేరు చెప్పలేదు. చివరికి, పుల్లలు ఆనుకుని ఉన్న ఒక్కదానికి గీత పెట్టాను. సుబ్బక్క చీటీ తిప్పింది.

లక్ష్మి. నా తోడబుట్టిన చెల్లెలు.

"దానికింకా చెయ్యి కుదరలేదక్కా. పక్కన కూచోబెట్టుకుని నేర్పిస్తా. నిన్నటిది కూడా దీనిదే అని ఎట్ల చెప్తాము?"

"మంచి మాటే. ఎస్తేరుకు ఈ మాట ఎందుకు రాలేదు నీ నోట?"

యజమాని దగ్గరికి ఆమె నన్నే పంపింది. ఎవరిదో తెలియదనీ, ఎవరినీ తీసెయ్యలేననీ, ఇకమీదట ముంచకముందే చీటీలు తిరగేసి ప్రతి చట్రమూ నేనే చూస్తాననీ చెప్పాను. "మళ్ళీ నిప్పు లేస్తే ఇంటికి పోయేది నువ్వే" అన్నాడాయన. సరేనన్నాను.

సుబ్బక్క ఇప్పుడు లేదు. విరుదునగర్‌లో నా కోడలి మురుకుల అంగడికి పనివాళ్ళను ఎంచాల్సి వస్తే, ఏ మురుకు ఎవరు చుట్టారో నాకు చెప్పొద్దంటాను. అయినా ఒక్క మురుకు మాడిందంటే చాలు, నాకు గిట్టని మనిషి ముఖమే ముందు మెదులుతుంది. అప్పుడు నోరు మూసుకుని గుమ్మం వైపు చూస్తాను. ఎస్తేరు ఇంకా అక్కడే నిలబడి వింటున్నట్టుంటుంది.