జలపాతాన్ని కట్టెయ్యమన్న అమ్మ

అక్క స్వీడన్‌లో నది ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో, కరెంటు తయారుచేసే కేంద్రంలో పనిచేస్తుంది. అక్కడే ఒకాయన్ని పెళ్ళి చేసుకుని, అంతా అయ్యాక మాకు చెప్పింది. ఆ రోజు నుంచి అమ్మ అక్కతో మాట్లాడడం మానేసింది. నేను వీడియో కాల్‌లో ఉంటే మాత్రం వంటింట్లోంచి గోడకి చెప్పేది: "అక్కడ సింతపండు దొరుకుతాదేటో అడగరా." అక్క జవాబు అమ్మకి వినపడేది, అయినా నేను మళ్ళీ చెప్పాలి. ఈ రాయబారం నాకు విసుగు. బాధ కూడా, ఎందుకంటే కాల్ అయ్యాక అక్క ఏడ్చేదని నాకు తెలుసు.

అమ్మని ఫోన్ ముందుకి రప్పించాలని అక్క ఊరంతా చూపించింది. అక్కడ ఓడలు మెట్లెక్కుతాయి. గదిలాంటి కాలవలోకి ఓడని పోనిచ్చి, తలుపులు మూసి నీళ్ళు నింపితే ఓడ పైకి లేస్తుంది. లిఫ్టు లేని మా బిల్డింగులో ఆరో అంతస్తుకి బియ్యం బస్తా మోసే నాకు అది అన్యాయంగా తోచింది.

"ఎక్కిన ఓడ మళ్ళీ దిగొస్తాదా అని అడగరా," అంది వంటిల్లు.

ఆ ఊళ్ళో జలపాతానికి కూడా వేళలున్నాయి. నది నీళ్ళన్నీ కరెంటు యంత్రాలకి పోతాయి కాబట్టి మామూలు రోజుల్లో రాళ్ళు ఎండి ఉంటాయి. వేసవిలో మాత్రం జనం చూడ్డానికి కాసేపు ఆనకట్ట తలుపులెత్తుతారు. మాకేమో కరెంటుకి వేళలు. అది రాగానే బిల్డింగంతా నీళ్ళ మోటార్ల మీద పడుతుంది. ట్యాంకు నిండి పొర్లితే వెనక సందులో ఆరేసిన బట్టలు తడుస్తాయి, చీవాట్లు మాకు. అందుకే నీళ్ళ చప్పుడు వింటే అమ్మ నిద్రలోంచైనా లేచి మోటారు కట్టేస్తుంది.

ఆ సాయంత్రం కరెంటొచ్చి మోటారు వేసిన కాసేపటికే అక్క ఫోన్ చేసింది. "తలుపులెత్తుతున్నారు, చూడు," అని ఫోన్‌ని నది వైపు తిప్పింది. నేను సౌండు పూర్తిగా పెంచాను. నీళ్ళు హోరుమని దూకాయి.

అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చి మోటారు కట్టేసింది. హోరు ఆగలేదు. మళ్ళీ వేసి మళ్ళీ కట్టింది. హోరు ఇంకా పెరిగింది. చప్పుడు ఎక్కణ్ణుంచో కనిపెట్టి నా చేతిలో ఫోన్ లాక్కుంది. అప్పుడే అక్క, వెనకాల నది కనబడేలా, ఫోన్‌ని తన వైపు తిప్పుకుంది.

"ఏటే, అన్ని నీళ్ళు అలా వొగ్గేసినావు? కట్టెయ్, ఎవుళైనా తిడతారు."

అక్క నవ్వబోయి ఆగిపోయింది. "ఇప్పుడు కట్టకూడదమ్మా. జనం చూస్తన్నారు."

ఎవరితో మాట్లాడిందో అమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. నాలిక కరుచుకుంది. ఫోన్ నా మొహాన పడేస్తుందనుకున్నాను. పడెయ్యలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్కడ తలుపులు దించేదాకా ఇద్దరూ నీళ్ళనే చూశారు. హోరు తగ్గి రాళ్ళు బయటపడ్డాక ఫోన్‌లో అక్క మొహం ఒక్కటే మిగిలింది.

"మళ్ళీ ఎప్పుడిప్పుతారు?" అంది అమ్మ.

"రేపమ్మా. ఇదే వేళకి."

"అయితే ఫోను నాకు సెయ్యి. ఆడికొద్దు."