నెమలీకలు పంపించం

ఆదిలాబాద్ అడవుల్లోని మా గూడెంలో గోండి పాటల సంఘం ఒకటుంది. దానికి పెద్ద మా చిన్నమ్మ. నేను అబుదాబీ పక్కన బనియాస్‌లో ఒక క్లినిక్‌లో నర్సును. కరోనా వచ్చిన ఏడాది మా గూడెంలో ఇద్దరు ముసలమ్మలు పోయారు. వాళ్లకు మాత్రమే వచ్చిన పెళ్లిపాటలు కొన్ని వాళ్లతోపాటే పోయాయి. ఫోన్‌లో నాకు ఆ కబురు చెప్పినప్పుడు చిన్నమ్మ ఏడవలేదు.

"ఉన్నోళ్ల పాటలన్న పట్టి పెట్టాలె. నువ్వు దుబాయ్‌ల ఉన్నవు గద, గక్కడ ఏమన్న దారి సూడు" అంది. నేనుండేది అబుదాబీలోనైనా మా వాళ్లకు ఇదంతా దుబాయే.

మాకు కావలసింది పెద్ద విషయమేమీ కాదు. మంచి రికార్డరు, గోండి రాయడం వచ్చిన మనిషి, పాడటానికి పొలం పని మానుకుని వచ్చే ఆడవాళ్లకు ఆ రోజు కూలి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీలో పనిచేసే మా తమ్ముడు, అంటే చిన్నమ్మ కొడుకు, సెలవు దొరికినప్పుడు దుబాయ్‌లోని కరామాకి వచ్చేవాడు. నేనూ వెళ్లేదాన్ని. ఒక టిఫిన్ హోటల్లో కూర్చుని, కళలకు గ్రాంట్లు ఇచ్చే సంస్థల ప్రకటనలు ఫోన్‌లో వెతికేవాళ్లం.

మొదట దొరికినది ఒక్క కళాకారుడి సొంత రచనకు ఇచ్చేది. తమ్ముడు నావైపు చూశాడు.

"పాట ఎవరు రాసిండ్రని పెట్టాలె అక్కా?"

"అందరూ."

"అయితే ఇది ఖలాస్. ఇంకోటి సూడు."

ఇంకా రెండు మిగిలాయి. ఒకటి భాషలను కాపాడే చిన్న గ్రాంటు. మరొకటి పేరున్న సంస్థ వారసత్వ ఉత్సవం కోసం ఇచ్చే పెద్దది. దాచడమెందుకు, మేం పెద్దదానికే వెళ్లాం.

కరామాలోనే ఈవెంట్ల వ్యాపారం చేసే ఒక హైదరాబాదీ పెద్దమనిషి దరఖాస్తు దిద్దిపెడతానన్నాడు. డబ్బు అడగలేదు, మంచివాడే. కానీ మొదటి వాక్యంలోనే 'అంతరించిపోతున్న జాతి' అని చేర్చాడు.

"మేం అంతరించిపోవట్లేదండీ" అన్నాను.

"తెలుసు మేడమ్. కానీ వాళ్లకి ఒక స్టోరీ కావాలి. ఆ మాటకే కరిగిపోతారు."

ఆ మాట కొట్టేసి పంపాను. అయినా ఇంటర్వ్యూకి పిలిచారు.

డ్యూటీ మార్చుకుని దుబాయ్ బస్సెక్కాను. తమ్ముడు వాళ్ల గ్యారేజీ మేనేజరును, ముదీర్‌ను, బతిమాలి సెలవు తీసుకుని వచ్చాడు. ఉత్సవం చూసుకునే మేనేజరమ్మ మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టింది. పాటలు బాగున్నాయంది. ఆ తర్వాత తన ఫోన్‌లో మా గుస్సాడీ నాట్యం వీడియో చూపించింది. ప్రారంభోత్సవం రోజు ఈ నెమలీకల కిరీటాలతో డాన్సర్లు వేదిక మీదకు రావాలంది. అసలు గ్రాంటు దానికేనని అప్పుడు అర్థమైంది.

ఆ కిరీటం దీపావళి సమయంలో దండారీ పండుగకే బయటికి వస్తుందని చెప్పాను. పూజ చేసి తీస్తారు, ధరించినవాళ్లు నియమంతో ఉంటారు, అది వేషం కాదు అన్నాను.

ఆమె నవ్వింది. అలాంటివి ఇక్కడే చేయిస్తామనీ, చూసేవాళ్లకు తేడా తెలియదనీ అంది.

అప్పటిదాకా నోరు విప్పని తమ్ముడు హిందీలో అన్నాడు: "హమ్‌కో మాలూమ్ హోగా, మేడమ్."

మాకు తెలుస్తుంది. అంతకు మించి ఏం చెప్పాలి?

ఆమె ఒప్పంద పత్రం ముందుకు జరిపింది. అందులో ఇంకొకటుంది. రికార్డు చేసిన పాటల మీద హక్కులన్నీ శాశ్వతంగా సంస్థవే. వాడుకోవాలంటే మా సంఘమే వాళ్ల అనుమతి అడగాలి. ఒక్క నిమిషం అని చెప్పి బయటికి వచ్చి చిన్నమ్మకు వీడియో కాల్ చేశాను.

"అంటే, మన పిల్ల పెండ్లిల పాడాలన్నా గామెకు ఫోన్ జేసి అడగాల్నా?" అంది.

"రికార్డు వెయ్యాలంటే అడగాలి చిన్నమ్మా."

"నెమలీకలు పంపియ్యం. పాటలు ఇడిశిపెట్టం. గిదే చెప్పు."

"గ్రాంటు పోతుంది."

"పోనీ."

లోపలికి వెళ్లి ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాను. వారం రోజులు ఆలోచించుకోమంది మేనేజరమ్మ. ఆలోచించాకే చెబుతున్నామన్నాను.

ఆ సాయంత్రమే హైదరాబాదీ పెద్దమనిషి ఫోన్ చేశాడు. "ఎంత పని చేశారు మేడమ్! మీలాంటి వాళ్లకి ఇలాంటి ఛాన్స్ మళ్లీ వస్తుందా?"

"మాలాంటి వాళ్లం కాబట్టే వద్దన్నాం" అని పెట్టేశాను. బస్టాండులో తమ్ముడు నా బస్సు వచ్చేదాకా పక్కనే నిల్చున్నాడు. చివరికి, "తప్పు జేసినమా అక్కా?" అన్నాడు. లేదన్నాను. నిజానికి నాకూ అంత ధైర్యంగా లేదు.

చిన్న గ్రాంటుకు మాత్రం మాకు నచ్చినట్టే రాశాం. పైన గోండి, కింద ఇంగ్లీషు. కళాకారుడి పేరు అన్నచోట పాడే ఆడవాళ్లందరి పేర్లూ పెట్టాం. చోటు చాలక వేరే కాగితం జతచేశాం. రికార్డులు సంఘం దగ్గరే ఉంటాయని, పాడేవాళ్లు వద్దన్న పాటను రికార్డు చేయబోమని రాశాం. తిరస్కరించారు. "మళ్ల రాయి" అంది చిన్నమ్మ. మరుసటి ఏడాది ఒక్క మాట తగ్గించకుండా మళ్లీ అదే పంపాను.

ఈసారి ఒక అధికారి ఫోన్ చేశాడు. "పాటలు మీ దగ్గరే ఉంటే మాకేం మిగులుతుంది?" అని అడిగాడు.

"వినొచ్చు సార్" అన్నాను. మేం అడిగినదాంట్లో సగం ఇచ్చారు.

సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. చిన్నమ్మ ఇంటి అరుగు మీద ఆడవాళ్లు రెండు వరుసలుగా కూర్చున్నారు. కోళ్లు అరుస్తున్నాయని రికార్డు చేసే అబ్బాయి ఆపబోతే, "ఉండనీ, గవీ మా ఊరియే" అంది చిన్నమ్మ. మధ్యలో ఒక ముసలమ్మ ఒక పాట ఎత్తుకుని, రెండు చరణాలు పాడి ఆగిపోయింది. ఇది బయటికి పోయే పాట కాదంది. అబ్బాయి నావైపు చూశాడు. రికార్డరు ఆపించాను. ఆమె మిగతా పాట మాకోసం పాడింది. అలాంటి రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

పని పూర్తయ్యాక నివేదిక పంపమన్నారు. 'లబ్ధిదారుల వివరాలు' అని ఒక గడి ఉంది. అర్థమేమిటని చిన్నమ్మ అడిగింది. వాళ్లు మనకు మేలు చేశారని, మనం ఆ మేలు పొందినవాళ్లమని చెప్పాను.

"మేమే గద పాటలు ఇన్పించినం" అంది.

లబ్ధిదారులన్న మాట కొట్టేసి, 'పాటల సొంతదారులు' అని రాసి పంపాను. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి ఏడు వచ్చిన ఫారంలో కూడా లబ్ధిదారులు అనే ఉంది. మేమూ మళ్లీ కొట్టేశాం.