ఫ్రెంచి మేడమ్‌తో బేరం

కష్టపడితే ఏ చదువైనా వచ్చేస్తుందని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ వయసులో, విజయనగరంలో డిగ్రీ అవగానే, నేను ఫ్రెంచి మీద పడ్డాను (ఫ్రెంచే నామీద పడిందనడం న్యాయం). మొదటి పరీక్ష పాసైతే రిసెప్షన్‌లో ఉద్యోగమిస్తామని విశాఖలో ఒక పెద్ద హోటలువాళ్లు అన్నారు. పాసవకపోతే సాలూరులో మావయ్య లారీ ఆఫీసు నాకోసం కాచుకుని ఉంది. అక్కడ పొద్దస్తమానం ఫోనెత్తి, ఇంకా లోడే కాని బండి గురించి, "బయల్దేరిపోనాదండి, దారిలో ఉన్నాదండి" అని చెప్పడమే పని.

ఇక ఆ ఫ్రెంచి! బ్రెడ్డు కావాలంటే ముందు 'ద్యు' తగిలించాలట, లోకంలో ఉన్న బ్రెడ్డంతా కాదు, అందులో కొంత అని (అంతా కావాలని ఎవరడిగారు?). అదే బ్రెడ్డంటే నాకిష్టం అనాలంటే 'లె'. వద్దనాలంటే రెండూ ఎగిరిపోయి ఉత్త 'ద' మిగులుతుంది. ఆడ వస్తువైతే 'ద లా'. మాంసం ఆడదట, చేప మగదట. ఎవరు చూసొచ్చారో గాని, నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

పరీక్షలో మార్కులేసే ఫ్రెంచి మేడమ్ ఉత్తుత్తి కొట్టు పెట్టుకుని కూర్చుంటుంది, మనం ఫ్రెంచిలో మాట్లాడి సరుకులు కొనాలి. అందుకని సాయంత్రాలు చిక్కుళ్లు తరుక్కునే మా అమ్మని కొట్టుదాన్ని చేసి సాధన మొదలెట్టాను. నాకు కొంత బ్రెడ్డు కావాలి, ఎంతండీ, ఇదిగోండి, మెర్సీ అని ఫ్రెంచిలో చెప్పి, అర్థం కూడా చెప్పాను. అమ్మ కత్తిపీట పక్కన పెట్టేసింది.

"అదేటే, అడిగినంతా ఇచ్చేస్తావేటి? నోరు నేదా నీకు?"

"అమ్మా, ఇది పరీక్షే! బేరం సిలబస్సులో నేదు."

"సిలబస్సులో నేకపోతే డబ్బులు సెట్లకి కాస్తాయేటి? ముందు కావాలనీకు. కావాలన్నావంటే ఆడు రేటు పెంచేస్తాడు. ఎంతని అడుగు, మూతి తిప్పు, నడిసిపో. ఆడే పిలుస్తాడు."

రోజూ ఇదే పాఠం. 'ద్యు'లూ 'లె'లూ అరకొరగా ఎక్కాయి గాని, అమ్మ పాఠం మాత్రం ఎముకల్లోకి దిగింది.

పరీక్ష రోజు మేడమ్ ఎంతో ముద్దుగా బ్రెడ్డూ, కారెట్లూ, పాలసీసా బల్ల మీద పేర్చింది. నేను కూర్చున్నాను. బ్రెడ్డు వైపు వేలు చూపించి ఎంతని అడిగాను. ఆవిడ చెప్పింది. అంతే, నాకు మా అమ్మ పూనింది. "త్రో షేర్!" అన్నాను, మరీ ఎక్కువని. సగానికి అడిగాను. ఆవిడ నవ్వి, మళ్లీ అదే ధర చెప్పింది. నేను మూతి తిప్పి, బ్యాగు భుజానేసుకుని, లేచి నెమ్మదిగా తలుపు దాకా నడిచాను. వెనక్కి చూడలేదు (చూస్తే బేరం పోతుంది). మా మార్కెట్‌లోనైతే రెండు కొట్లు దాటేలోపు "రామ్మా, అట్టుకెల్లు" అని కేకొచ్చేది. ఇక్కడ మాత్రం "ఓ ర్వార్", అంటే వెళ్లిరండి, అని వినిపించింది. బెట్టు చేస్తోందనుకుని వరండాలో చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. నా తరవాతి అమ్మాయి లోపలికెళ్లి తలుపేసుకుంది.

తప్పాను. తప్పనా మరి? తల బద్దలుకొట్టుకుని నేర్చుకున్న 'ద్యు', 'ద లా'లలో ఒక్కటీ నా నోట్లోంచి రాలేదు. ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మ అంతా విని, "ఎనక్కి పిలవనేదా? అలాటి కొట్టుకి మల్లీ ఎల్లకు" అంది. నాకు అమ్మ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

సాలూరులో కొన్నాళ్లు లారీలని ఫోన్లో నడిపించి, మళ్లీ పరీక్షకి వెళ్లాను. ఈసారి అడిగినంతా ఇచ్చి, 'ద్యు' పెట్టి బ్రెడ్డు కొని, మెర్సీ చెప్పి పాసయ్యాను. ఉద్యోగమూ వచ్చింది. కానీ ఆ పూర్తి ధర ఇచ్చుకున్న అవమానం ఇప్పటికీ కడుపులో మంటే. ఆ వరండాలో, ఇదిగో ఇప్పుడు పిలుస్తుంది, ఇదిగో ఇప్పుడు అని ఆశగా నిలబడిన ఆ వెర్రిపిల్ల గుర్తొస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ మేడమ్ స్థానంలో నేనుంటే పిలిచేదాన్ని. సగానికే ఇచ్చేసేదాన్ని కూడా.