జాకీ దించే ముందు

మొన్న రాజోలు బజారులో మందులు కొనుక్కుని ఆటో కోసం నిలబడి ఉంటే, ఎదుటి మెకానిక్ షెడ్డులో ఒక వ్యాను కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి. జాకీ దగ్గర కూర్చున్నతను "ఒరేయ్, దించేత్తన్నా!" అని ఒక కేక వేసి, జవాబు కోసం చూడకుండానే వాల్వు మీద చెయ్యి వేశాడు. "పేరు పెట్టి పిలవవయ్యా!" అని నేను రోడ్డు అవతల నుంచి అరిచాను. మందుల షాపులో వాళ్లు, ఆటోలవాళ్లు అందరూ నావైపు తిరిగారు. అతను చెయ్యి తీసేసి, "ఎవరండీ తవరు?" అన్నాడు. "నేనూ మెకానిక్కునేలే" అన్నాను. మోకాళ్లకి రాసుకునే తైలం సీసా చేతిలో పట్టుకుని ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు? పాపం, మర్యాదస్తుడు, నవ్వు ఆపుకున్నాడు.

నిజానికి నేను మెకానిక్కు కావాలని అనుకుని కాలేదు. పదో తరగతి అయ్యాక కుట్టుపని నేర్చుకోవాలని బయలుదేరాను. అవి ఎనభైల మొదటి రోజులు. మా చర్చివాళ్లు ఊరికి దగ్గరలో చేతిపనులు నేర్పే బడి ఒకటి పెట్టారు. నేను వెళ్లేసరికి కుట్టు మిషన్లన్నీ నిండిపోయాయి. మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. పిల్లలు ఖాళీగా కూర్చుంటే ఆయనకి ఒళ్లు మండేది. "మిషను ఖాళీ అయ్యేదాకా మోటారు మెకానిక్కులో కూర్చోమ్మా, బల్ల మీద కూర్చోడవే కదా" అన్నారు. అక్కడ కూర్చోడానికి బల్లే లేదని ఆయనకి తెలియదు. అంతా నిలబడి చేసే పని.

పని నేర్పే మాస్టారు మిలిటరీ వర్క్‌షాపులో చేసి వచ్చిన మనిషి. మొదటి రోజు నన్ను చూసి, నా ఓణీ వైపు చూసి, ఇంజను ఫ్యాను వైపు చూసి, తల పట్టుకున్నారు. మర్నాటికి మా నాన్న ఖాకీ చొక్కా, మా అన్న పైజమా వేసుకుని, ఊడ్పులకి వెళ్లే ఆడవాళ్లలాగా జడ మీద తువ్వాలు బిగించి చుట్టుకుని వెళ్లాను. ఉంగరాలు, గొలుసులు, గాజులు తీసెయ్యాలన్నారు. మా ఇంటి భక్తిలో నగలే నిషిద్ధం కాబట్టి ఆ ఒక్క విషయంలో తరగతి మొత్తం మీద నేనే ముందు పాసయ్యాను.

రెండు నెలలు ఇంజను ముట్టుకోనివ్వలేదు. వైసులో ఒక ఇనుప ముక్క బిగించి ఇచ్చి, ఆకురాయితో నాలుగు పక్కలా సమంగా అరగదీయమన్నారు. మూలమట్టం ఆనించి వెలుతురుకి పట్టి చూసేవారు. సందులోంచి వెలుగు కనిపిస్తే మళ్లీ మొదలు. పిడి లేని ఆకురాయి పట్టుకుంటే చేతి మీద ఒక్కటిచ్చేవారు. ఇనుప రజను నోటితో ఊదితే కంట్లో పడుతుందని బ్రష్షు ఇచ్చారు. నేల మీద నూనె ఒలికితే అక్కడికక్కడే ఊక జల్లాలి. రాడ్డు పెట్టి ఇంజను తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ వేశామా, ఇంజను ఎదురు తన్నిందంటే వేలు విరుగుతుంది. ఇప్పటికీ నేను చీపురు కూడా అలాగే పట్టుకుంటాను. ఆ షెడ్డులో నూనె, ఊక, పక్క తోటలో తడి కొబ్బరి పీచు, అన్నీ కలిసిన వాసన ఒకటి ఉండేది. దాన్ని ఏ సెంటు సీసాలోనైనా పోసి అమ్మితే ఉన్న పింఛను అంతా పెట్టి కొనుక్కుందును.

అన్నిటికంటే కష్టమైన నియమం పేరు. బండి కింద మనిషి ఉంటే జాకీ దించేముందు పేరు పెట్టి పిలవాలి. ఆ మనిషి బయటికి వచ్చి, తన నోటితో "వచ్చేశాను, దించు" అనాలి. నాకు జతగా ఇచ్చింది మలికిపురం వైపు నుంచి సైకిలు మీద వచ్చే ఒక అబ్బాయిని. పరాయి మగపిల్లాడిని పేరు పెట్టి పిలవడమా! జీపు కింద అతను, జాకీ దగ్గర నేను. "ఏవండీ" అన్నాను. మాస్టారు పరిగెత్తుకొచ్చారు.

"ఏవండీ అంటే ఎవరమ్మా? ఈ షెడ్డులో అందరూ ఏవండీలే కదా! పేరేదీ?"

గొణిగాను. "కొబ్బరిచెట్టెక్కినోడికి ఇనపడాలి" అన్నారు. కళ్లు మూసుకుని అరిచాను. కింద నుంచి అతను బొగ్గులాంటి మొహంతో బయటికి వచ్చి, "వచ్చేశానండీ, దించండి" అన్నాడు. అతనికీ చివాట్లు పడ్డాయి, అండీలు ఎక్కువైనందుకు. ఆ తర్వాత ఏడాదిపాటు రోజుకి ఎన్నిసార్లు ఆ పేరు పిలిచానో. మొదట భయంతో, తర్వాత అలవాటుతో, ఆ తర్వాత ఉత్త పుణ్యానికే. కుట్టు మిషను ఖాళీ అయిందని కబురు వచ్చిన రోజున కడుపునొప్పి అని పడుకున్నాను. గేటు దాటితే మాత్రం అతనెవరో నేనెవరో.

రెండేళ్లకి ఆ అబ్బాయి పెద్దలే సంబంధం అడగడానికి మా ఇంటికి వచ్చారు. చర్చిలో ప్రమాణం చేయించేటప్పుడు పాస్టరుగారి వెనకాలే పెళ్లికొడుకు పేరు చెప్పాలి కదా. అలవాటు చొప్పున షెడ్డు గొంతుతో చెప్పాను. పాస్టరుగారు ఉలిక్కిపడ్డారు. వెనక బల్లల మీదవాళ్లు కిసుక్కుమన్నారు. మా అమ్మ నెత్తి మీద కొట్టుకుంది. అక్కడితో ఆ పేరు నా నోటికి దూరమైంది. భర్త పేరు నోటితో అనడం మా వైపు లేదు. నేను కూడా అందరి ఇళ్లలో ఆడవాళ్లలాగే "ఏవండీ"లోకి దిగాను. ప్రేమించినవాడిని కట్టుకుని అతని పేరు పోగొట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మలికిపురం రోడ్డు మీద మేం తాటాకు షెడ్డు వేసుకున్నాం. ఆయన బండ్ల కింద, నేను పైన. అత్తయ్యగారు గుమ్మం దగ్గర కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతూ మమ్మల్ని కనిపెట్టుకుని ఉండేవారు. ఆవిడ ముందు పేరెలా పిలుస్తాను? ఒక సాయంత్రం కొబ్బరి వ్యాపారి ఒకాయన కారు వచ్చింది. మా ఆయన దాని కింద దూరి సుత్తితో ఏదో కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది, అయిపోయిందనుకుని కారు కింద అడ్డుపెట్టిన దుంగలు తీసేశాను. "ఏవండీ, దించేదా?" అన్నాను. నా వెనక స్టూలు మీద కూర్చున్న వ్యాపారి, తననే అడిగాననుకుని, "ఆయ్, దించండమ్మా" అన్నాడు.

నేను వాల్వు వదిలాను. కారు నాలుగు వేళ్లు దిగేసరికి అవతలి పక్కన ఆయన చెప్పులు కదలడం కనిపించింది. వాల్వు బిగిస్తూ, ఊరంతా వినిపించేలా ఆ పేరు అరిచాను. ఆయన ఒక్క దొర్లు దొర్లి బయటపడ్డారు. చొక్కా భుజం దగ్గర చిరిగి, దాని కింద చర్మం గీసుకుపోయింది. అంతే. నేను అక్కడే నూనెలో కూలబడ్డాను. చావు తప్పింది ఆయనకి, ఏడ్చింది నేను. ఆయన మాత్రం నా పక్కన కూర్చుని, మాస్టారి చివాట్లు గుర్తొచ్చాయేమో, "వచ్చేశానే, దించు" అన్నారు, నవ్వుతూ.

అత్తయ్యగారు ఈనెలు పక్కన పెట్టి లేచి వచ్చారు. కొడుకు భుజం తడిమి చూసుకున్నారు. నేను తల వంచుకున్నాను, పేరు అన్నందుకు ఎన్ని మాటలు పడాలో అని. ఆవిడ నా నెత్తి మీద చెయ్యి వేసి, "ఆ పేరెట్టింది నేనే కదమ్మా. పిలుచుకో. షెడ్డులో మట్టుకు గట్టిగా పిలుచుకో. ఇంటికాడ వొద్దులే, నలుగురూ నవ్వుతారు" అన్నారు. అంత మంచి మాట నాతో మళ్లీ ఎవరూ అనలేదు.

అలా షెడ్డు ఉన్నన్నాళ్లూ ఆ పేరు నాదే. ఇంటి దగ్గర ఏవండీ, షెడ్డులో పేరు. సాయంత్రం తలుపు వేసేటప్పుడు పనేమీ లేకపోయినా ఒకసారి పిలిచేదాన్ని. "ఏంటి?" అనేవారు. "ఏం లేదు" అనేదాన్ని. అత్తయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. తర్వాత కొన్నేళ్లకి రోడ్డు వెడల్పు చేస్తూ షెడ్డు తీసేశారు. ఆయన మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి, మళ్లీ వేసుకునే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. ఇంటిపట్టున ఉండిపోయాం. ఒక సాయంత్రం అరుగు మీద చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే ఆయన ఉన్నట్టుండి, "నా పేరు ఇని చాలా రోజులైపోయిందే" అన్నారు.

"రేషను కొట్టు దగ్గర పిలుత్తానే ఉన్నారు కదండీ" అన్నాను.

"అది కాదే" అన్నారు.

ఆ వయసులో నాకు సిగ్గేసింది, చూడండి! లోపలికి వెళ్లి గొంతు సవరించుకున్నాను కూడా. ఇంతలో పాలు పొంగాయి, పొయ్యి కట్టేశాను, పక్కింటావిడ తోడు కోసం మజ్జిగ అడగడానికి వచ్చింది. రేపు పిలుద్దాంలే అనుకున్నాను.

ఆయన సమాధి రోజున పాస్టరుగారు ఆ పేరు చాలాసార్లు అన్నారు, మైకులో. చుట్టాలు అన్నారు, పాత కస్టమర్లు అన్నారు. నేను వింటూ కూర్చున్నాను. ఇప్పుడు ఖాళీ ఇంట్లో ఎంత గట్టిగానైనా పిలవగలను. పిలుస్తున్నాను కూడా, సిగ్గేం లేదు. అత్తయ్యగారు ఎప్పుడో ఒప్పుకున్నారు, ఆయనైతే నోరు తెరిచి అడిగారు, వద్దనేవాళ్లు ఒక్కరూ లేరు. రేపు పిలుద్దాంలే అనుకున్న ఆ సాయంత్రం తర్వాత మా ఇద్దరికీ చాలా రేపులే వచ్చాయి. ఒక్కదానిలోనూ నేను పిలవలేదు.