చిన్నాయన కారు ఎందుకు కాగింది

మొన్న సోమవారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు వనపర్తిలోని మా ఇంటి ముందు నుంచి కారు తీశాను. చిన్నాయన పోయి నెల అయింది, గద్వాలలో మాసికం పెడుతున్నారు, ఎండ ముదరకముందే చేరుకోవాలని నా తొందర. పెబ్బేరు ఇంకా రానే లేదు, స్టీరింగు వెనక ఎర్రదీపం వెలిగింది. ఇంజన్ వేడెక్కిందని దాని అర్థం. పక్కకు ఆపి షోరూం వాళ్లకు ఫోన్ చేస్తే, బానెట్ తెరవవద్దని, దేన్నీ ముట్టుకోవద్దని, మనిషిని పంపుతామని ఒక అమ్మాయి మర్యాదగా చెప్పింది. వాళ్లు కారును ఇంకో బండి మీదికి ఎక్కించుకుని పోయారు, నేను బస్సెక్కి గద్వాల పోయాను. మర్నాడు సాయంత్రం కారు తెచ్చి ఇచ్చిన పిల్లవాడు ఏదో భాగం మార్చామన్నాడు. పాతది చూపించమంటే అది మా దగ్గర ఉండదు సార్ అన్నాడు. ఎందుకు చెడిపోయిందని అడిగితే, కంప్యూటర్ల గట్లనే వచ్చింది సార్ అన్నాడు. నేను నమ్మలేదు. దేన్ని నమ్మలేదో అడిగితే చెప్పలేను కూడా. ఆనాటి నుంచి రోజూ ఒకసారి బానెట్ ఎత్తి చూస్తున్నాను, లోపల అంతా నల్లటి ప్లాస్టిక్ మూతలే కనిపిస్తాయి, మళ్లీ మూసేస్తున్నాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు కారు వేడెక్కడమంటే అది ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం. మా ఇంట్లో అయితే ఒక ఎండాకాలమంతా అదే మాట నడిచింది. మా నాయన గద్వాల తాలూకా ఆఫీసులో గుమాస్తా. చిన్నాయన లారీల మీద తిరిగి డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి. ఇద్దరూ కలిసి, ఆముదాలు తప్ప ఏమీ పండని చెలక ఒకటి అమ్మి, పాత అంబాసిడర్ కారు కొన్నారు. దాన్ని చిన్నాయన కిరాయికి నడిపేవాడు. పెళ్లిళ్లకు, కర్నూలు దవాఖానకు పోయే రోగులకు, రాయచూరు పోయే చీరల వ్యాపారులకు ఆ కారే దిక్కు, చిన్నాయన పెళ్లాం పిల్లలకూ అదే దిక్కు. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లం. నేను అప్పుడే వనపర్తిలో ఒక కాలేజీ లైబ్రరీలో టెంపరరీ ఉద్యోగానికి కుదిరి, శనివారం శనివారం ఇంటికి వచ్చిపోతుండేవాణ్ణి.

ఆ ఏడు ఎండలు పడ్డప్పటి నుంచి కారు కాగడం మొదలుపెట్టింది. బీచుపల్లి వంతెన దాటకముందే ముందర నుంచి ఆవిరి లేచేది. ఒకసారి పెళ్లికొడుకు బాసికం కట్టుకుని తుమ్మచెట్టు కింద నిలబడి ఉండగా, చిన్నాయన కృష్ణకు దిగి డబ్బాతో నీళ్లు తెచ్చి పోశాడట. ముహూర్తం దాటిపోయిందని పెళ్లివాళ్లు ఊరంతా చెప్పుకున్నారు. కిరాయిలు తగ్గిపోయాయి.

నాయనది తొందరగా ఎవరినీ నమ్మే స్వభావం కాదు. ఆఫీసులో ఆ గుణం ఆయనకు పనికొచ్చేది, ఇంట్లో మాకు కష్టమయ్యేది. కారు కొన్ననాడే ఆయన తమ్ముడికి ఒక మాట చెప్పాడు, ఇది ముసలి ఇంజను, ఎంత కిరాయి ఇస్తామన్నా శ్రీశైలం ఘాటు ఎక్కించవద్దని. ఇప్పుడు కారు కాగుతున్నదంటే తమ్ముడు ఆ మాట తప్పాడనే ఆయనకు అనుమానం. కారు ఇంటికి రాగానే దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు, టైర్లకు అంటిన మన్ను వేలితో తీసి చూసేవాడు, సీట్లు వాసన చూసేవాడు, డిక్కీ తెరిపించేవాడు. ఒక సాయంత్రం డిక్కీలో ఒక ఎండిన టేకాకు దొరికింది.

"ఏందిరా ఇది?"

"ఆకు."

"ఆకని నాకు తెల్వదా? మన దిక్కు టేకు చెట్లు యాడున్నయ్? శ్రీశైలం అడివిల తప్ప?"

"ఎవరో పెండ్లోళ్లు ఇస్తరాకుల కట్ట ఏసిండ్రన్నా. అండ్లదే ఉంటది."

"ఇస్తరాకులు మోదుగాకుతోటి కుడతరు. టేకాకుతోటి ఎవ్వడు కుట్టిండురా?"

చిన్నాయన డిక్కీ మూసేశాడు. ఆ ఆకు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు, ఆయన్ని నేనెప్పుడూ అడగలేదు. మరో వారం గడిచాక నాయన తన నిర్ణయం చెప్పేశాడు. ఆదివారం రాయచూరు నుంచి ఒకాయన కారు చూడటానికి వస్తున్నాడు, అమ్మేద్దాం, ఆ తర్వాత నీ దారి నువ్వు చూసుకో అని. అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. చిన్నమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నెలను మా అమ్మ గిన్నెల్లోంచి ఏరి వేరే బల్ల మీద సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆ శనివారం నేను ఇంటికి రాగానే చిన్నాయన నన్ను కారు దగ్గరికి పిలుచుకుపోయాడు.

"నువ్వన్న జూడురా. నేను చెప్తే మీ నాయన ఇనడు. పుస్తకంల ఉన్నదంటే ఇంటడు."

మా లైబ్రరీలో మోటారు బండ్ల మీద ఒక పాత పుస్తకం ఉంది, ఎవరూ అడగక అట్ట కూడా నలగలేదు. ఇంట్లో కారు గొడవ తెలుసు కాబట్టి ఆ వారం దాన్ని ముందే సంచిలో వేసుకుని వచ్చాను. ఇంజన్ల గురించి నాకు తెలిసింది ఆ పుస్తకంలోనిదే, స్పానరు పట్టింది చిన్నాయన చేతులే. ఆదివారం పొద్దున మేమిద్దరం కారు మీద పడితే, నాయన అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, తమ్ముడు ఏదన్నా దాస్తాడేమోనన్నట్టు రెప్ప వేయకుండా చూశాడు. రాత్రంతా కారు కింద పరిచి ఉంచిన పాత పేపర్లు తీసి చూశాం, ఒక్క నీటి చుక్క మరక లేదు, అంటే ఎక్కడా కారడం లేదు. ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కి చూశాం, బిగువుగానే ఉంది. రేడియేటర్ నీళ్లలో నూనె తెట్టు లేదు, ఇంజన్ ఆయిలు మజ్జిగలా తెల్లబడలేదు, అంటే లోపల నీళ్లూ ఆయిలూ కలవడం లేదు. అప్పుడు ఇంజన్ నడిపి, కాగిందాకా ఉంచి, ఆపేసి, రేడియేటర్ జాలీ మీద చెయ్యి పెట్టి చూశాం. పైభాగం చెయ్యి కాలేలా ఉంది, కిందిభాగం కుండలా చల్లగా ఉంది. నీళ్లు పైనుంచి కిందికి దిగడం లేదన్నమాట. నాయన నమ్మలేదు, కుర్చీలోంచి లేచి వచ్చి తానే చెయ్యి పెట్టి చూశాడు.

"అయితే ఏమాయె? ఘాటు ఎక్కిస్తె గిట్లనే అయితది," అని మళ్లీ పోయి కూర్చున్నాడు.

ఇంజన్‌కు, రేడియేటర్‌కు మధ్య ఒక చిన్న ఇత్తడి వాల్వు ఉంటుంది, నీళ్లు బాగా వేడెక్కితే అది తెరుచుకుని వాటిని రేడియేటర్‌లోకి వదలాలి. దాన్ని విప్పి, మరిగే నీళ్లలో వేసి, తెరుచుకుంటుందో లేదో చూడమని పుస్తకంలో ఉంది. గిన్నె కోసం వంటింట్లోకి పోతే అమ్మ అడ్డం నిలబడింది.

"ఇంజన్ తునక నా పప్పు గిన్నెల ఏస్తవా? పోయి మీ నాయన చెంబుల ఉడకవెట్టు."

ఆఖరికి సొట్టబోయిన సత్తుగిన్నె ఒకటి ఇచ్చింది. నీళ్లు తెర్లుతున్నా వాల్వు సగం కన్నా ఎక్కువ తెరుచుకోలేదు. పొయ్యి పాడవుతుందని చూడటానికి వచ్చిన అమ్మ, పట్టకారుతో దాన్ని బయటికి తీసి, చల్లారాక గోటితో గీకింది. తెల్లటి పెళ్ల ఊడి వచ్చింది.

"గిది మన కాగుకు పట్టే సున్నమే గదా. దీంట్ల ఏం నీళ్లు పోస్తుండ్రు?"

ఆ కాలంలో మా ఇంట్లో రెండు రకాల నీళ్లుండేవి. వాకిట్లో బోరింగు కొడితే వచ్చేవి ఉప్పునీళ్లు. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, స్నానాల కాగు అడుగున తెల్లగా గట్టిపడితే అమ్మ కొడవలితో గీకేది. మంచినీళ్లు ఊరి బయట తోటబావి నుంచి కావడితో తేవాలి. అవి నోటికి తప్ప దేనికీ వాడరాదన్నది నాయన పెట్టిన కట్టడి. కారు కొన్న కొత్తలో చిన్నాయన మంచినీళ్ల కుండలో చెంబు ముంచి కారులో పోయబోతే, మనుషులకే లేవు, ఇనుముకు తాపుతవా అని నాయన వీధి వీధంతా వినేట్టు అరిచాడు. ఆనాటి నుంచి చిన్నాయన రోజూ పొద్దున బోరింగు కొట్టి ఆ నీళ్లే పోసేవాడు. అది నాయన కళ్లముందే జరిగేది. మన దిక్కు ఎవరైనా అట్లాగే చేసి ఉండేవాళ్లు, తాగే నీళ్లు బండికి పోయడానికి ఎవరికి చేతులొస్తాయి?

చిన్నాయన రేడియేటర్ గొట్టం ఊడదీశాడు. లోపల ఆ సున్నమే పేరుకుని, చిటికెన వేలు కూడా దూరలేదు. నాయన కుర్చీలోంచి లేచి వచ్చి, ఆ పెళ్లను ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్నాళ్లు తనమీద పడ్డ మాటలకు చిన్నాయన ఆ నిమిషంలో ఏమన్నా అనవచ్చు. నేను భయపడ్డాను.

"అన్నా, రాయచూరాయనకు ఏం చెప్పాలె?" అన్నాడు అంతే.

"అమ్మేది లేదని చెప్పు."

నాయన తప్పయిందని అనలేదు, అనే మనిషి కాదు. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, రేడియేటర్‌ను గోనెసంచిలో చుట్టి, బాగు చేయించడానికి తమ్ముడితో పాటు తానూ రాయచూరు బస్సెక్కాడు. దాన్ని దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నాడని, దించమన్నా దించలేదని చిన్నాయన వచ్చాక నవ్వుతూ చెప్పాడు. ధోవతికి పడ్డ తుప్పు మరక అమ్మ ఎంత ఉతికినా పోలేదు. ఆ తర్వాత రోజూ ఒక బిందె మంచినీళ్లు ఎక్కువ వచ్చేవి, ఆ బిందె నాయనే మోసేవాడు. చిన్నమ్మ గిన్నెలు మళ్లీ అమ్మ గిన్నెల్లో కలిశాయి.

అంతటితో అయిపోయిందని చెప్పగలిగితే బాగుండేది. ఆనాటి నుంచి చిన్నాయన కిరాయి నుంచి రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా, కారు తలుపులు నాలుగూ తెరిచి, డిక్కీ ఎత్తి పట్టుకుని, "అన్నా, జూస్కో" అని కేకేసేవాడు.

"మూయిరా, సంతల పెట్టినట్ల పెట్టినవ్," అనేవాడు నాయన. అంటూనే వచ్చి, లోపలికి ఒకసారి తొంగి చూసి పోయేవాడు.

పిల్లలకు అది వేళాకోళం. నాకు మాత్రం అది పూర్తిగా వేళాకోళమని ఎన్నడూ అనిపించలేదు. అంబాసిడర్ పోయి జీపు వచ్చినా అది మానలేదు. నాయన పోయిన తర్వాత కూడా చిన్నాయన బండి ఆపగానే వెనక తలుపు తెరిచి, కాసేపు నిలబడి, మూసి లోపలికి వచ్చేవాడని మొన్న మాసికం నాడు చిన్నమ్మ చెప్పింది.

మాసికానికి చిన్నాయన కొడుకులిద్దరూ వచ్చారు. చెరో కారులో వచ్చారు. ఒకరి కారు ఎట్లా నడుస్తుందో ఇంకొకరు అడగలేదు, భోజనాలయ్యాక ఇంటి పంపకం మాట వచ్చినప్పుడు కూడా గొంతు పెంచలేదు, చాలా మర్యాదగా మాట్లాడుకున్నారు. ఒకరి మీద ఒకరికి అనుమానం ఉందని నాకు అనిపించింది. అది నా అనుమానమే కావచ్చు. మా నాయన అనుమానం వల్ల ఒక మంచి మనిషి బతుకంతా నొచ్చుకున్నాడు, అందుకని ఆ రోజులే మేలని నేను అనలేను. కాని ఆయన అనుమానించిన మనిషి ఆయన ఎదుటే ఉండేవాడు, పక్కనే కూర్చుని తినేవాడు, ఇద్దరి అన్నమూ ఒకే కారు మీద ఆధారపడి ఉండేది కాబట్టి ఏదో ఒకటి తేలేదాకా ఇద్దరికీ నిద్ర పట్టేది కాదు.

మా ఇళ్లలో అన్నదమ్ములు కలిసి ఇప్పుడు బండి కొనరు.