వేళ్ళ మామయ్య తీయని కాలువ

పచ్చగా ఏ మొక్క కనిపించినా పీకి, దాని వేళ్ళు చూడనిదే మామయ్యకు తోచేది కాదు. అందుకే ఆయన అందరికీ వేళ్ళ మామయ్య. పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళి, అక్కడి కుండీలో మొక్కను కుదురుతో సహా ఊడబెరికి, "నీళ్ళెక్కువై పాపం దీనికి ఊపిరాడటం లేదండీ" అన్నాడు.

"ఇక్కడ పీకేది మీరా, నేనా?" అన్నాడు డాక్టరు.

ఇంట్లో అత్తయ్య గులాబీ మొక్క నాటి, "ఇది ప్లాస్టిక్‌ది" అని చెప్పి చూసింది. ప్లాస్టిక్‌కి వేళ్ళెలా ఉంటాయోనని మామయ్య అదీ పీకాడు.

అలాంటి మనిషి పొలం పక్కనే మేనకోడలు ఓ చేను కౌలుకు తీసుకుని సోయాచిక్కుడు వేసింది. కుట్టుపని మానేసి మరీ దిగింది. ఈ పంట పోతే మళ్ళీ మిషను ముందు కూర్చోవలసిందే. మామయ్య మాత్రం పొద్దున్నే గట్టు దాటి వచ్చి ఆమె చేలో ఓ మొక్క పీకేవాడు.

"కోతకి నాకేమైనా మిగులుస్తావా మామయ్యా?"

"ఇలా రా. ఈ బుడిపెలు చూశావా? గిల్లితే లోపల ఎర్రగా ఉంది. గాలిలోని నత్రజని పట్టి మొక్కకి వండిపెట్టేవి ఇవే. వీటికీ ఊపిరి కావాలి. నీళ్ళు నిలిచాయనుకో, ఇవీ పస్తే, మొక్కా పస్తే."

"నువ్విలా రోజూ పీకితే నేనూ పస్తే."

పూత మొదలయ్యే వేళకు ముసురు పట్టింది. వాన వెలిసినా ఆమె చేలో నీళ్ళు కదల్లేదు. ఆకులు పాలిపోయి పసుపుపచ్చకు తిరిగాయి. ఆమె కంగారుగా యూరియా బస్తా ఈడ్చుకొచ్చింది.

"మునిగిపోతున్నవాడి నోట్లో అన్నం ముద్ద పెడతావటే?" అని మామయ్య కేకలేశాడు. "ముందు నీళ్ళు బయటికి పోవాలి. పూత మీద ఇంకా నిలిస్తే కాయ పట్టదు."

పోవాలంటే దారేది? ఓ పక్క ఎత్తైన రోడ్డు. పల్లమున్నది మామయ్య పొలం వైపే. దాని అవతల వాగు. ఆయన చేనూ పూత మీదే ఉంది. నోరు విడిచి ఎలా అడుగుతుంది? ఇంటికి వెళ్ళి, కుట్టుమిషను మీది గుడ్డ తీసి, చక్రానికి నూనె వేసింది.

మర్నాడు వచ్చి చూస్తే చేలో నీళ్ళు లేవు. గట్టు తెగి ఉంది. అక్కణ్ణుంచి మామయ్య పొలం నడిమధ్యగా వాగు దాకా కాలువ. పీకిన మొక్కలు ఒడ్డున కుప్పగా పడి ఉన్నాయి. నడుం మీద చేతులు పెట్టుకుని అత్తయ్య, ఒంటినిండా బురదతో మామయ్య.

"నీ పంటలోంచి కాలువ తీశావా మామయ్యా?"

"కాలువేంటి? వేళ్ళు చూద్దామని ఓ మొక్క పీకాను. పక్కది ఎలా ఉందోనని అదీ పీకాను. అలా అలా వాగు దాకా వెళ్ళిపోయాను. గుంట కనిపించేసరికి నీళ్ళే వచ్చి దూకాయి. అది నా తప్పా?"

"పారతో పీకారా?" అంది అత్తయ్య.

"వేళ్ళు లోతుగా ఉన్నాయే!"

నేల ఆరాక ఆమె మొక్కలు కొత్త వేళ్ళు వేశాయి. ఆకుల్లో మెల్లగా పచ్చదనం తిరిగింది. నీళ్ళు ఎక్కువ నిలిచిన మూల కాయ సరిగా పట్టలేదు గానీ, మిగతా చేను నిలబడింది. మళ్ళీ ఏడు కౌలుకు ధైర్యం చేసేంత పండింది.

కోతలప్పుడు ఆమె గట్టు మీద మామయ్య పక్కన కూర్చుంది. "నిజం చెప్పు. ఆ రోజు నువ్వు పీకినవాటి వేళ్ళు ఎలా ఉన్నాయి?"

"భేషుగ్గా ఉన్నాయి" అన్నాడు మామయ్య, గడ్డిపరక పీకి దాని కింద పరీక్షగా చూస్తూ. "అసలు ఒక్కటి కూడా పీకాల్సింది కాదు."