పోగు తెగిందని చెప్పనివాడు

నాకు కోపం ఎక్కువని మా ఆసుపత్రిలో అంటారు. ఉండదా మరి? డాక్టర్ని కాను గానీ, ఆరోగ్య కార్యకర్తగా ఇరవై రెండేళ్లుగా మైదుకూరు చుట్టుపక్కల క్షయ రోగులకు మందులిస్తున్నాను. రోగం కంటే దాన్ని దాచేవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

అంజనమ్మ చేనేత మనిషి. మొగుడు పోయాక ఒంటిచేత్తో మగ్గం నడిపి తమ్ముడు రంగనాథ్‌ను చదివించింది. వాడు ఊళ్లో సూదులు వేసే ఆరెంపీ అయ్యాడు. ఏడు నెలల కింద ఆమెకు దగ్గు, సాయంత్రం జ్వరం మొదలైతే వాడే ఎక్స్‌రే తీయించి, "ఏం లేదక్కా, ఉత్త నెమ్ము" అని తెల్ల బిళ్లలిచ్చాడు. జ్వరం దిగింది. ఆకలి పెరిగింది. మొహం గుండ్రంగా నిండింది. "ఏం అంజనమ్మా, పెండ్లికూతురు మాదిరి అయితివే!" అని వీధంతా ఆటపట్టించింది. ఆమె కూడా మురిసిపోయింది.

మొన్న దగ్గితే నెత్తురు పడుతోందని మా దగ్గరికి వచ్చింది. కఫం నిండా క్షయ క్రిములు. ఇంకా మింగుతున్న ఆ తెల్ల బిళ్లలు చూస్తే స్టెరాయిడ్లు!

"బలం బిళ్లలు గదా సార్?"

"నీ బొంద బలం!" అని కసిరి, మళ్లీ నాకే బాధేసి, కూర్చోబెట్టి చెప్పాను. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే కణం క్రిమిని మింగుతుంది. కానీ క్షయ క్రిమి దాని కడుపులోనే కాపురం పెడుతుంది. అందుకని ఆ కణం క్రిమి తునకను తన ఒంటిమీద పెట్టుకుని టి కణాలనే తోటి రక్షణ కణాలకు చూపించాలి. అవి గుర్తుపట్టి, వేలల్లో పెరిగి, మాక్రోఫేజ్‌కు బలమిస్తేనే అది మింగినదాన్ని చంపగలదు. స్టెరాయిడ్ ఆ చూపించడాన్నీ, ఆ సాయాన్నీ అణిచేస్తుంది. లోపల పోరాటం ఆగింది కాబట్టే జ్వరం దిగింది.

నేతవాళ్లు మగ్గానికెక్కే నిలువు పోగుల్ని, అంటే పడుగును, వీధి పొడుగునా సాచే రోజు తెల్లారగానే వీధివాళ్లంతా సాయానికి వస్తారు. ఆమె దాన్నే తలచుకుంది.

"పోగు తెగితే చూసినోళ్లు కేకెయ్యాల సార్. అందరూ వచ్చి అతుకుతారు. కేకెయ్యకుంటే ఎవురికి తెలుస్తాది?"

అప్పుడే రంగనాథ్, మా డాక్టరు తెమ్మన్న పాత ఎక్స్‌రే కవరుతో వచ్చాడు. లోపలి కాగితం నేనే చదివాను. "క్షయ అనుమానం. వెంటనే కఫం పరీక్ష చేయించాలి." తేదీ ఏడు నెలల కిందటిది.

"తెల్సే ఇచ్చినావా రంగా?"

"రోగం బయటపడితే నీ పడుగు పట్టేదానికి ఎవురొస్తారక్కా?" అని నసిగాడు. "నా కాడికి సూదికి మాత్రం ఎవురొస్తారు?"

రెండో మాటే అసలు మాటని ముగ్గురికీ తెలిసిపోయింది. దరిద్రుడా అనబోయి నోరు మూసుకున్నాను.

క్షయ మందులు ఆ రోజే మొదలుపెట్టారు. ఇన్నాళ్లు వాడిన స్టెరాయిడ్ మాత్రం ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు, కొద్దికొద్దిగా తగ్గించాలని డాక్టరు చెప్పారు.

"అంటే వీడిచ్చిన బిళ్లే ఇంగా మింగాల్నా?"

"ఇంకొన్ని వారాలు తప్పదమ్మా," అన్నాను.

రంగనాథ్ గబగబా నీళ్ల గ్లాసు, బిళ్ల అందించబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వియ్యద్దురా. సార్ ఇస్తాడు. నీ చేత్తో ఇస్తాంటే ఏడు నెలలు ప్రసాదమని కండ్లకద్దుకొని మింగినా గదరా!" అని భోరున ఏడ్చింది.